అప్‌డేట్: పాప టీటీజీ 64 దగ్గరే ఎందుకు ఆగిందో తెలిసింది

సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు) అని తేలాక ఆరు నెలలు గోధుమ మానేసినా పాప టీటీజీ ఐజీఏ (ఈ జబ్బుకి చేసే రక్త పరీక్ష) ఇంకా 64 ఉందేంటని టెన్షన్ పడుతూ అడిగాను కదా. మొదట్లో 200 పైన ఉండేది, మా ల్యాబ్ లెక్కలో 20 లోపు నార్మల్. డాక్టర్‌ గారు రిపోర్టులు పక్కపక్కన పెట్టి, తగ్గుతోందా లేదా అన్నదే ముఖ్యం, మొదట్లో అంత ఎక్కువ ఉన్నవాళ్లకి నార్మల్‌కి రావడానికి ఏడాది పైనే పట్టొచ్చు అన్నారు. ల్యాబ్ మారిస్తే అంకెలు పోల్చలేమట, అందుకే ఎప్పుడూ ఒకే చోట చేయించమన్నారు.

అయినా ఏం తింటోందో అన్నీ చెప్పమంటే చెప్పాను. దొరికింది దొంగ! ఇంగువ. పొడి ఇంగువలో చాలావాటికి గోధుమ పిండి కలుపుతారట, మా ఇంట్లో రోజూ పప్పులో, చారులో అదే పోపు. డబ్బా వెనక చూస్తే రాసే ఉంది, ఇన్నాళ్లూ నేనే చదవలేదు. గోధుమ లేనిది తెచ్చాం.

మూడు నెలలకి మళ్లీ చేయిస్తే 27! ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) కూడా పెరిగింది, విటమిన్ డి మాత్రం తక్కువే, మందు రాశారు. టీటీజీ నార్మల్ అయినంత మాత్రాన పేగు పూర్తిగా మానినట్టు కాదని కూడా చెప్పారు, కాబట్టి డైట్ ఆపేది లేదు. తర్వాతి టెస్ట్ ఆరు నెలలకి.