‘ప్రవేశం’ అందామా, ‘దిగుమతి’ అందామా?

తార్నాక చదువరి: డిగ్రీ పిల్లలకు తెలుగులో నోట్సు తయారవుతోంది. ఈస్ట్ కణంలో లైసీన్ టీఆర్‌ఎన్‌ఏ (లైసీన్ అనే అమైనో ఆమ్లాన్ని ప్రోటీన్ తయారీకి మోసే ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ) మైటోకాండ్రియాలోకి, అంటే కణానికి శక్తినిచ్చే భాగంలోకి, వెళ్లడాన్ని ‘ప్రవేశం’ అనొచ్చా? ‘దిగుమతి’ అంటే వ్యాపారం వాసన కొడుతోంది.

హబ్సిగూడ మాస్టారు: ప్రవేశం వద్దండీ. ప్రవేశించేది తనంతట తాను వస్తుంది, ఇది రాదు. సీయూయూ యాంటీకోడాన్ (కోడాన్ అనే మూడక్షరాల సంకేతాన్ని చదివే మూడక్షరాలు) ఉన్న టీఆర్‌కే1 అనే ఈ లైసీన్ టీఆర్‌ఎన్‌ఏకు సైటోసోల్‌లోనే (మైటోకాండ్రియా బయటి కణద్రవంలోనే) ముందు లైసీన్ అతకాలి. అప్పుడుగానీ ఎనోలేజ్ దాన్ని పట్టుకోదు (గ్లైకాలిసిస్‌లో, అంటే గ్లూకోజ్ విరిగే దశల్లో, చదివే ఎనోలేజ్ ఎంజైమే, ఇది దాని రెండో కొలువు). మైటోకాండ్రియా దగ్గరికి తెచ్చి ఎంఎస్‌కే1 పూర్వరూపానికి అప్పగిస్తుంది. ఎంఎస్‌కే1 అంటే మైటోకాండ్రియాకు పనిచేసే లైసిల్ టీఆర్‌ఎన్‌ఏ సింథటేజ్, టీఆర్‌ఎన్‌ఏకు లైసీన్ అతికే ఎంజైము. అది ఎలాగూ లోపలికి పోవాల్సిందే, పోతూ దీన్నీ వెంటబెట్టుకుపోతుంది. ఏటీపీ (కణంలో శక్తినిచ్చే అణువు) కావాలి, లోపలి పొర మీద పొటెన్షియల్ (విద్యుత్ తేడా) కావాలి. ఇంతా చేసి లోపలికి చేరేది నూటికి మూడు నుంచి ఐదు పాళ్లే. యూయూయూ యాంటీకోడాన్ ఉన్న రెండో లైసీన్ టీఆర్‌ఎన్‌ఏ, టీఆర్‌కే2, బయటే ఉండిపోతుంది.

మలక్‌పేట గంజ్: మా దగ్గర దిగుమతి అంటే లారీ నుంచి బస్తాలు దించడం. ఆ లెక్కన ఎనోలేజ్ దించేదే దిగుమతి. మరి పొర దాటడాన్ని ఏమంటారు సార్?

హబ్సిగూడ మాస్టారు: మంచి మెలికే పెట్టారు. దించడాన్ని ‘అప్పగింత’ అందాం, పొర దాటడానికి ‘దిగుమతి’ ఉంచుదాం. ‘బదిలీ’ మాత్రం రెండుచోట్లా వద్దు, ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ పేరుతో కలగాపులగం అవుతుంది.

ల్యాబు మనిషి: ప్రాక్టికల్ భాగంలో ఇంకో రెండు మాటలు విడదీయాలి: ‘అతుకుడు’, ‘దిగుమతి’. వేరుచేసిన మైటోకాండ్రియాకు టీఆర్‌ఎన్‌ఏ కలిపి ఉంచాక ఆర్‌ఎన్‌ఏస్ (ఆర్‌ఎన్‌ఏను కోసే ఎంజైము) వేసి, పైన అంటుకున్నదాన్ని కరిగించాలి. అది సగంసగంగా జరిగితే అతుకుడంతా దిగుమతి ఖాతాలో పడుతుంది. సీసీసీపీ అనే రసాయనంతో పొటెన్షియల్ పడగొట్టిన ట్యూబు ఒకటి పక్కన ఉండాలి. అందులోనూ సిగ్నల్ అంతే వచ్చిందంటే మీరు కొలిచింది దిగుమతి కాదు.

తార్నాక చదువరి: మైటోకాండ్రియాకు సొంత లైసీన్ టీఆర్‌ఎన్‌ఏ ఉందిగా, ఇదెందుకు?

హబ్సిగూడ మాస్టారు: మామూలు వేడిలో దానితోనే నడుస్తుంది. 37 డిగ్రీల దగ్గర ఆ సొంత టీఆర్‌ఎన్‌ఏ (టీఆర్‌కే3) యాంటీకోడాన్‌లోని మొదటి యూరిడిన్‌కు జరగాల్సిన రసాయన మార్పు తగ్గిపోతుంది, ఏఏజీ కోడాన్‌ను సరిగా చదవలేదు. అక్కడ టీఆర్‌కే1 ఆదుకుంటుంది. అందుకే మీ నోట్సు శీర్షికలో ‘లైసీన్’ మాట తీసేయకండి. తీసేస్తే అన్నీ బయటి నుంచే వస్తాయనుకుంటారు. ఈస్ట్ మైటోకాండ్రియా డీఎన్‌ఏలో 24 టీఆర్‌ఎన్‌ఏ జన్యువులున్నాయి. అన్నీ దిగుమతి చేసుకునేది ట్రిపనోసోమ్ అనే ఏకకణ పరాన్నజీవి.