చీటీ తియ్యి అన్నాక బటన్ మీద ఏముండాలి?

మా మేనమామకు దామలచెరువు దగ్గర లారీ కాటా ఉంది. తోతాపురి కాయ దిగే రోజుల్లో బండ్లు రోడ్డు దాకా నిలబడతాయి. లోడుతో ఒకసారి, కాయ దించాక ఖాళీ బండిని ఒకసారి తూచి, తేడాను చీటీ మీద వేసి ఇస్తారు. ఆ చీటీ తీసే ప్రోగ్రాం నేను రాసిచ్చాను. కంప్యూటర్ దగ్గర కూర్చునే అక్కకు తెలుగే కావాలి కాబట్టి తెర మీద మాటలన్నీ తెలుగులోనే పెట్టాను.

బటన్ మీద ‘చీటీ తియ్యి’ అని ఉంది. అది నొక్కాక లెక్క కట్టి, దాచి, ప్రింటరుకు పంపేసరికి ఆరేడు సెకన్లు పడుతుంది. అంతసేపూ బటన్ మారకుండా ఉంటే అక్క మళ్ళీ నొక్కేది. ‘ఏమిరా అల్లుడా, ఒక బండికి రెండు చీటీలు వచ్చిండాయే’ అని మామ ఫోన్ చేశాడు. రైతు చేతిలో ఒకటి, డ్రైవరు చేతిలో ఒకటి ఉంటే రేపు డబ్బు దగ్గర ఎంత గొడవ! అందుకని పని జరిగేంతసేపూ బటన్ మసకబారి, దాని మీద మాట మారేటట్టు చేయాలనుకున్నాను. ప్రోగ్రాం కష్టం ఒక పూటలో తీరింది. మాట కష్టం ఇంకా తీరలేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మొదట అందరూ రాసేదే రాశాను: ‘లోడ్ అవుతోంది’. అక్క కిటికీలోంచి బయటికి చూసి ‘ఏ బండి లోడు అవతా ఉండాది?’ అని అడిగింది. కాటా దగ్గర లోడంటే కాయల లోడే. ఆ మాట అక్కడ పనికిరాదు.

తర్వాత ‘చీటీ తీస్తోంది’ అని పెట్టాను. ఇంగ్లీషులో ‘ప్రింటింగ్’ అని ఊరుకుంటే చాలు, ఎవరు అని చెప్పనక్కరలేదు. మన క్రియకు ఆ వీలు లేదు. తీస్తున్నాను, తీస్తున్నాం, తీస్తోంది: కర్త ఎవరో క్రియ చివరే చెప్పేస్తుంది. పైగా ఏకవచనంలో ‘ది’ ఆడవాళ్ళకూ వస్తుంది, వస్తువుకూ వస్తుంది. ‘తీస్తోంది’ అంటే కంప్యూటరా, అక్కా?

మీరైతే ఏం రాస్తారు?

పలమనేరు నుంచి ఒకరు:
‘ప్రక్రియ జరుగుతున్నది’ అని మాత్రం పెట్టకండి. బ్యాంకు మెషీన్ల మీద చూసి చూసి విసుగొచ్చింది. మా వైపు ఎవరైనా ‘వస్తా ఉండాది’ అంటారు. అదే రాయండి, తప్పేముంది?

తిరుపతి నుంచి, తెలుగు చెప్పే ఒక మాస్టారు:
మీ ప్రశ్నలో రెండు గొంతులు కలిసిపోయాయి నాయనా. ‘తియ్యి’ అన్నప్పుడు మాట్లాడేది మనిషి, వినేది యంత్రం. కాబట్టి అక్కడ ఏకవచనం సరిపోయింది, ‘తీయండి’ అని రాస్తే యంత్రమే మనిషికి పని చెప్పినట్టు ఉండేది. నొక్కిన తర్వాత మాట్లాడేది యంత్రం, వినేది మనిషి. అప్పుడు ‘ఆగు’ అంటే అమర్యాద, ‘ఆగండి’ అనాలి. బటన్ ఒకటే అయినా గొంతు మారుతోందని గుర్తుంచుకుంటే మాట తనంతట తనే దొరుకుతుంది.

చిత్తూరు నుంచి, ప్రోగ్రాములు రాసే ఒకరు:
మాట సంగతి సరే, అది తెర మీద కనిపిస్తోందా చూడండి. బటన్ మాట మార్చి, వెంటనే అదే వరుసలో పని మొదలుపెడితే కొత్త మాట కనబడదు. బటన్‌కు రంగు వేసేదీ, నొక్కుళ్ళు తీసుకునేదీ, మీ పని చేసేదీ ఒకే దారి. పని అయ్యేదాకా రంగు వేయడానికి దానికి తీరిక ఉండదు. విండోస్‌లో 5 సెకన్లు పలకకపోతే కిటికీ తెల్లబడి, స్పందించడం లేదని పైన రాసి వస్తుంది. ఆ లోపల నొక్కినవి పోవు, తిరుమల కంపార్ట్‌మెంట్‌లో భక్తుల్లాగా వరుసలో కూర్చుంటాయి. పని అయిపోయి బటన్ మళ్ళీ తెరుచుకోగానే అవి లోపలికి వచ్చేస్తాయి. మీ రెండో చీటీ అక్కడిదే. పనిని వెనక ఇంకో దారిలోకి పంపండి. మధ్యలో తప్పు జరిగినా సరే, బటన్ మామూలు స్థితికి వచ్చే ఏర్పాటు ఉండాలి. లేకపోతే పేపరు ఇరుక్కున్న రోజున అది మసకగానే ఉండిపోతుంది.

మళ్ళీ నేను:
అందరికీ నమస్కారం. పనిని ఇప్పటికే వెనక దారిలోకి మార్చాను, చీటీలు రెండు రావడం ఆగింది. మాస్టారు చెప్పిన గొంతు మార్పు చదివాక రాత్రి చాలాసేపు ఆలోచించాను. యంత్రం మాట్లాడుతుంది, సరే. కానీ తన గురించి ఎందుకు మాట్లాడాలి? అక్కకు కావలసింది చీటీ. చీటీ గురించి చెబితే చాలు కదా!

‘చీటీ వస్తోంది’.

మనకు ఈ జంటలు ఎన్నో ఉన్నాయి. తీయడం–రావడం, దించడం–దిగడం, తెరవడం–తెరుచుకోవడం, చేయడం–అవడం. ఒకటి చేసేవాళ్ళ వైపు నుంచి చెబుతుంది, రెండోది వస్తువు వైపు నుంచి. నొక్కే ముందు మొదటిది, నొక్కాక రెండోది. ఇట్లా పెడితే కర్త ఎవరన్న ప్రశ్నే రాదు, చీటీయే కర్త.

దీనిలో ఇంకో మేలు ప్రింటర్ మొరాయించిన రోజు తెలిసింది. పాత పద్ధతిలో అయితే బటన్ మీద ‘చీటీ తీయలేదు’ అని పడేది. అది చదివితే అక్క తీయలేదని తప్పు మోపినట్టుంటుంది. పక్కన రైతు నిలబడి చూస్తుంటాడు. ‘చీటీ రాలేదు’ అంటే ఎవరి మీదా పడదు. వస్తోంది, వచ్చింది, రాలేదు: మూడు స్థితులకూ ఒకే క్రియ. ‘వచ్చింది’ని రెండు సెకన్లు చూపించి మళ్ళీ ‘చీటీ తియ్యి’కి తెస్తున్నాను.

పలమనేరు వారి మాట నాకు చాలా ఇష్టం. ‘వస్తూ ఉంది’ కలిసిపోయి ‘వస్తోంది’ అయింది, మనవాళ్ళు దాన్ని కలపకుండా ‘వస్తా ఉండాది’ అని రెండుగానే ఉంచుకున్నారు. ఇంకా జరుగుతూనే ఉందన్న భావం అందులో స్పష్టంగా వినిపిస్తుంది. బటన్‌లో పట్టలేదని మాత్రమే వదిలేశాను. అందరూ పెట్టే మూడు చుక్కలు కూడా తీసేశాను. ఇంగ్లీషు బటన్ల మీద పేరు చివర ఆ చుక్కలుంటే ఇంకో కిటికీ తెరుచుకుంటుందని కూడా అర్థం. ‘తోంది’ ఉన్న మాటకు అవి ఎందుకు?

పట్టడం అంటే గుర్తొచ్చింది. ‘స్తో’ కింద ఒత్తు సగం తెగిపోయి కనిపించింది. ఇంగ్లీషు అక్షరానికి సరిపోయే ఎత్తు మన ఒత్తులకు చాలదు. ఎత్తు పెంచి, వెడల్పు అన్నిటికంటే పొడుగు మాటకు సరిపడా ముందే పెట్టేశాను, మాట మారినప్పుడల్లా బటన్ ఉబ్బకుండా. మసక రంగు కూడా కొంచెం ముదురు చేశాను. కాటా గదిలో మధ్యాహ్నం ఎండ తెర మీదే పడుతుంది, లేత బూడిద రంగులో ‘వస్తోంది’కీ ‘వచ్చింది’కీ తేడా తెలియదు.

తిరుపతి మాస్టారు:
బాగుంది. మధ్యలో వద్దనుకుంటే?

నేను:
పక్కన చిన్న బటన్ పెట్టాను సార్. మొదట ‘రద్దు’ అని రాశాను. చీటీయే రద్దయిపోతుందేమోనని అక్క నొక్కడానికి భయపడింది. ఇప్పుడు ‘ఆపు’ అని ఉంది. అది యంత్రానికి చెప్పేది కాబట్టి ఏకవచనమే. శనివారం కాటాకు పోయి కొత్తది ఎక్కించి వస్తాను.