మందు మానగానే కన్ను మళ్లీ ఎర్రబడుతోంది, కారణం ఏమిటి?

ప్రశ్న (కావలి నుంచి):
మా చెల్లెలు కాంటాక్టు లెన్సులు వాడుతోంది. ఈ వేసవిలో రెండుసార్లు కన్ను ఎర్రబడి పుసులు కట్టింది. చుక్కల మందు వేసినన్నాళ్లు తగ్గి, మానగానే తిరగబెట్టింది. లెన్సుల డబ్బా అడుగున వేలికి జారుడుగా ఏదో పొర తగులుతోంది. ఈ రెండింటికీ సంబంధం ఉందంటారా?

జవాబు (ఒంగోలు, మైక్రోబయాలజీ ల్యాబు):
ఉండవచ్చండి. ఆ పొర బయోఫిల్మ్ కావచ్చు. స్టెఫైలోకోకస్, సూడోమోనాస్ వంటి బ్యాక్టీరియా ప్లాస్టిక్‌కు అతుక్కొని, తామే స్రవించిన చక్కెర పదార్థాలు, ప్రొటీన్లు, డీఎన్ఏ కలిసిన జిగురులో గూడు కట్టుకుంటాయి. చెరువు మెట్ల మీద పాచి పట్టినట్టే అనుకోండి. అడుగునున్నవి ఎదుగుదల దాదాపు ఆపేసి ఉంటాయి కనుక, ఎదిగే కణాల మీద పనిచేసే మందులు వాటినేమీ చేయలేవు. విడి కణాలను చంపే మోతాదుకు 1000 రెట్లు ఇచ్చినా ఒక్కోసారి బతికేస్తాయి. మామూలు పరీక్షలో మేము చూసేది విడి కణాలనే కాబట్టి, రిపోర్టులో గెలిచిన మందు కంటిలో ఓడిపోవడం మాకు కొత్త కాదు.

జవాబు (నెల్లూరు, ఆప్టోమెట్రిస్టు):
ముందు లెన్సులు మాన్పించి, ఆ డబ్బాను పారేయండి. కొత్తదాన్ని బోరు నీళ్లతో కడగకుండా, లెన్సు ద్రావణంతోనే రుద్ది, బోర్లించి ఆరబెట్టి, 3 నెలలకోసారి మార్చాలి. నొప్పి గానీ, చూపు మసకబారడం గానీ ఉంటే ఆ రోజే కంటి వైద్యుడికి చూపించండి; సూడోమోనాస్ నల్లగుడ్డును ఒకటి రెండు రోజుల్లోనే దెబ్బతీయగలదు.

ప్రశ్న అడిగినవారు:
వెలుతురు చూడలేకపోతున్నానని నిన్నటి నుంచి అంటోంది. ఇప్పుడే బయలుదేరుతున్నాం, డబ్బా కూడా వెంట తెస్తే పరీక్షకు పనికొస్తుందా?

జవాబు (ఒంగోలు):
తప్పకుండా తీసుకెళ్లండి, కడగకుండా.