1870 యుద్ధం బొమ్మ సైన్యాలు రెడీ, రూల్స్ ఏవి తీసుకోవాలి?

బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. మూడేళ్లుగా రాత్రుళ్లు కూర్చుని 1/72 సైజు (అసలు మనిషిలో 72వ వంతు) ప్లాస్టిక్ సైనికులకు రంగులు వేశాను. 1870లో తలపడ్డ ఫ్రెంచివాళ్లు, ప్రష్యన్లు (జర్మన్లు) కలిపి 200 పైనే. (ఫ్రెంచివాళ్ల ఆ ఎర్ర ప్యాంట్లే ప్రాణం తీశాయి.)

వీటితో టేబుల్ మీద యుద్ధం ఆట ఆడేది నేనూ, మా బావమరిదీ. 1913 నాటి రచయిత హెచ్.జి.వెల్స్ పద్ధతిలో స్ప్రింగు ఫిరంగితో బొమ్మల్ని పడగొట్టి చూశాం. సరదాగానే ఉంది కానీ రంగు రాలిపోతోంది. 'బ్లాక్ పౌడర్' అనే రూల్స్ పుస్తకం చూస్తే 1700 నుంచి 1900 దాకా యుద్ధాలన్నిటికీ ఒకే చట్రం. మాకు కావాల్సింది వేరు. ఫ్రెంచి షస్‌పో తుపాకీ ప్రష్యన్ల డ్రైజె కంటే చాలా దూరం కొడుతుంది. ప్రష్యన్ల క్రుప్ ఫిరంగులు ఆ లోటు తీరుస్తాయి. ఈ తేడా పాచికల్లో తెలియాలి, పట్టికలు తిరగేస్తూ కూర్చోకూడదు. దెబ్బతిన్న బొమ్మను పక్కకు తీసేసే పాత పద్ధతైతే మరీ మంచిది. రెండు గంటల్లో తేలిపోవాలి, భోజనాల వేళకు డైనింగ్ టేబుల్ ఖాళీ కాకపోతే వాడి అక్క మా ఇద్దరినీ ఊరుకోదు.

ఇలాంటివి ఆడినవాళ్లెవరైనా ఉన్నారా? బొమ్మల్ని విడివిడిగా ఉంచాలా, నాలుగేసి చొప్పున అట్ట మీద అతికించాలా? అతికించాక ఊడదీస్తే కాళ్లు విరుగుతాయి, అందుకే ముందే అడుగుతున్నా.