చేనేత నిధిలో ప్రచారానికి వాటా ఉండాలా?

నల్లగొండ సభ్యుడు:
మగ్గాలు మూతపడకుండా మా దగ్గర కొంత నిధి పోగు చేస్తున్నాం. అందులో కొంత ప్రచారానికి పెట్టాలని కొందరు, పైసా కూడా పెట్టొద్దు, అంతా నూలుకేనని ఇంకొందరు. మీరేమంటారు?

చౌటుప్పల్ సభ్యుడు:
వద్దే వద్దు. ఇక్కత్ చీరలు నేసే మన పోచంపల్లికి ఇంకేం పేరు కావాలి? 1951లో భూదాన ఉద్యమ నేత వినోబా భావే వచ్చినప్పటి నుంచి దేశమంతా తెలిసిన ఊరు. ఈ చీర ఈ ప్రాంతానిదేనని చెప్పే జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఎప్పుడో వచ్చింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చింది. అయినా మా బాబాయి కొడుకులిద్దరూ మగ్గం గుంటలో కాలు పెట్టలేదు. ఒకడు హైదరాబాద్‌లో క్యాబ్ నడుపుతున్నాడు, ఇంకొకడు ఫార్మా కంపెనీలో షిఫ్టులు చేస్తున్నాడు. పేరు కూడు పెట్టలేదు.

పోచంపల్లి నేత కుటుంబం:
అన్నా, ఆ బాధ మా ఇంట్లోనూ ఉంది. కానీ పేరు ఊరికి వచ్చింది, బట్టకు రాలేదు. జనానికి మా డిజైన్ తెలుసు, మా నేత తెలియదు. అందుకే అదే డిజైన్ ప్రింటు వేసిన చీర చవగ్గా దొరికితే పోచంపల్లి అనుకునే కొంటున్నారు.

మా రంగు నూలుకే పడుతుంది. లెక్క ప్రకారం రబ్బరు పట్టీలు కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, ఇంకో రంగుకు మళ్లీ కడతాం. మగ్గం ఆ తర్వాతే. అందుకే చీర తిరగేసినా అదే పువ్వు, అదే రంగు, పువ్వు అంచుల్లో కాస్త మసక. మామూలు ప్రింటు చీర వెనక్కి తిప్పితే వెలిసినట్టుంటుంది. షాపులో ఇది చూపించినప్పుడల్లా బేరం కాసేపు ఆగుతుంది, చీర చేతిలోకి తీసుకుంటారు. భువనగిరి, నల్లగొండ బస్టాండ్లలో బోర్డు పెట్టి ఈ ఒక్క ముక్క చెప్పండి చాలు.

ఇంకోటి. నిధికి చందా ఇచ్చే కిరాణా షాపాయనకు, ఆటో అన్నకు కూడా చెప్పాలి. మగ్గం ఆగితే రంగులద్దేవాళ్ల పని, ఆసు పోసే (నేతకు ముందు నూలును కొయ్యల చుట్టూ తిప్పి సిద్ధం చేసే) ఆడవాళ్ల పని ఆగుతుంది. ఆ కూలి డబ్బులు ఈ షాపాయన, ఆటో అన్నల చేతికీ రావు. ఇది తెలియకుండా చందా ఎందుకిస్తారు?

ఆలేరు సభ్యురాలు:
మా దగ్గరి చింతకింది మల్లేశం గారిని చూడండి. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చెయ్యి వేలసార్లు తిప్పాలి. వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి కష్టపడి యంత్రం చేశారు. పద్మశ్రీ వచ్చింది 2017లో. ముందు పని, తర్వాతే పేరు. నిధి కూడా ఆ వరుసలోనే ఖర్చు పెట్టాలి.

చౌటుప్పల్ సభ్యుడు:
సరే తమ్మీ, బోర్డు మాట ఒప్పుకుంటా. కానీ అది చూసి వచ్చినవాళ్లకు ఇవ్వడానికి చీర ఉండాలి కదా? ఫ్లెక్సీల మీద నాయకుల ఫొటోలైతే అస్సలు వద్దు.

పోచంపల్లి నేత కుటుంబం:
అక్క చెప్పిన వరుసే సరైనది. శ్రావణానికి చాలా ముందే నూలు కొనిద్దాం, చీరలు మగ్గం దిగాకే బోర్డు పెడదాం. దాని మీద రెండే ఫొటోలు: చీర ముందు వైపు, వెనక వైపు.