అప్‌డేట్: బాబు ఎడినాయిడ్స్ ఆపరేషన్ అయింది

మా ఆరేళ్ల బాబుకి గురక, ఎడినాయిడ్స్ (ముక్కు వెనక, గొంతు పైభాగాన ఉండే మెత్తటి కండ) తీయాలన్నారు, కొండనాలుక చివర చీలినట్టుంది, పర్వాలేదా అని పోయిన నెల అడిగాను కదా. మొన్న గుంటూరులో ఆపరేషన్ అయింది. మీరు చెప్పినట్టే కొండనాలుక సంగతి ముందే డాక్టరుగారి చెవిన వేశాను. మత్తిచ్చాక ఆయన అంగిలిని వేలితో తడిమి చూశారట. పైపొర బాగానే ఉంది కానీ గట్టి అంగిలి వెనక అంచున నొక్కు తగిలింది, మెత్తటి అంగిలి మధ్యలో నీలంగా గీత కనిపించింది. అంటే లోపల కండరాలు కలవలేదన్నమాట. అలాంటప్పుడు ఎడినాయిడ్స్ మొత్తం తీసేస్తే అంగిలి ముక్కుదారిని పూర్తిగా మూయలేక మాట ముక్కుతో వచ్చే ప్రమాదం ఉందని పైభాగం మాత్రమే తీశారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయ్యేది! పసివాడప్పుడు పాలు ముక్కులోంచి వస్తే పొలమారిందనుకున్నాం మేము, అదీ ఈ అంగిలి వల్లేనేమో. గురక తగ్గింది. ఇక స్పీచ్ థెరపిస్టుకి చూపించాలి. వాడి టెన్షన్ మాత్రం ఐస్‌క్రీమ్ ఎప్పుడని.