డెబియన్ 12: కన్సోల్ మాట్లాడుతోంది, గ్నోమ్‌లోకి వెళ్తే ఓర్కా మూగబోతోంది

మీటలమాట:

అందరికీ నమస్కారం. డెబియన్ 12 లినక్స్ ఇన్‌స్టాలర్‌లో బీప్ వినగానే ఎస్ నొక్కి ఎంటర్ కొట్టి, మాటల సాయంతోనే గ్నోమ్ డెస్క్‌టాప్ మొత్తం ఎక్కించాను. మామూలు ల్యాప్‌టాప్, లోపలి సౌండ్ కార్డు ఒక్కటే. బ్రెయిలీ డిస్‌ప్లే లేదు, పక్కన చూసి చెప్పేవాళ్లు లేరు.

కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 నొక్కి టెక్స్ట్ కన్సోల్‌కి వెళ్తే, కన్సోల్ తెరను చదివే ఈస్పీకప్ శుభ్రంగా పలుకుతోంది. గ్నోమ్‌లో లాగిన్ అయ్యాక మాత్రం, డెస్క్‌టాప్ తెరను చదివే ఓర్కా ఒక్క ముక్క పలకదు. సూపర్ (అంటే విండోస్ మీట) ఆల్ట్ ఎస్ నొక్కి ఆపి, మళ్లీ పెట్టి చూశాను. పది బూట్లలో రెండు మూడుసార్లు దానంతటదే మాట్లాడుతుంది, రీబూట్ చేస్తే మళ్లీ మౌనం.

ఇంకొకటి. ఓర్కా పలికిన రోజున కూడా తెలుగు ఫైళ్లు అర్థమయ్యేలా చదవడం లేదు.

ఒక మనవి: కమాండ్లు తెలుగు లిపిలోనే, పలికినట్టు రాయండి. ఫోన్‌లో తెలుగు గొంతుతో వింటున్నాను. మధ్యలో గొంతు మారితే మొదటి అక్షరాలు మింగేస్తోంది.

ఆరుచుక్కలు:

ముందు చిన్నవి తీసేద్దాం. ఓర్కా మీట, అంటే ఇన్సర్ట్, పట్టుకుని ఎస్ నొక్కితే ఓర్కా మాట ఆగిపోతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. వేలు తగిలి ఇది ఆగిపోవడం చాలా మామూలు. ల్యాప్‌టాప్ లేఅవుట్ పెట్టుకుంటే ఓర్కా మీట క్యాప్స్ లాక్. గ్నోమ్ మామూలుగా వాడే వేలాండ్ అనే తెర వ్యవస్థలో ఈ క్యాప్స్ లాక్ సరిగ్గా పట్టుబడేది గ్నోమ్ 48 నుంచే, డెబియన్ 12లో ఉన్నది గ్నోమ్ 43. కాబట్టి ప్రస్తుతానికి ఇన్సర్ట్‌నే వాడండి, లేదా లాగిన్ తెరలో పాస్‌వర్డ్ పెట్టె దగ్గర ట్యాబ్‌తో సెషన్ బటన్‌కి వెళ్లి, పాత తెర వ్యవస్థ అయిన ఎక్స్ఆర్గ్ సెషన్ ఎంచుకోండి.

హెచ్‌డీఎంఐ తీగతో మానిటర్ గానీ టీవీ గానీ తగిలించి ఉందా? ఉంటే పీకేసి చూడండి. స్పీకర్లు లేని మానిటర్‌కి శబ్దం వెళ్లిపోతే ఓర్కా చదువుతూనే ఉంటుంది, మనకి వినపడదు.

మీటలమాట:

ఇన్సర్ట్ ఎస్ చూశాను, తేడా లేదు. హెచ్‌డీఎంఐ ఏమీ తగిలించలేదు.

గవ్వలగిన్నె:

మీ ప్రశ్నలో అసలు ఆధారం "పది బూట్లలో రెండు మూడుసార్లు" అన్న మాట. సెట్టింగ్ తప్పయితే ప్రతిసారీ మౌనమే ఉండాలి. అప్పుడప్పుడూ పలుకుతోందంటే ఇద్దరు ఒకే సౌండ్ కార్డు కోసం పోటీ పడుతున్నారు, ముందు అందుకున్నవాళ్లకి దక్కుతోంది. నా అనుమానం ఈస్పీకప్ మీదే. అది రూట్‌గా, అంటే అడ్మిన్ హక్కులతో నడుస్తూ, డెస్క్‌టాప్ శబ్దాలన్నీ చూసుకునే పైప్‌వైర్‌తో సంబంధం లేకుండా, ఆల్సా అనే లినక్స్ శబ్ద వ్యవస్థ ద్వారా నేరుగా కార్డును తెరుస్తుంది. ఓర్కా దారి వేరు: ఓర్కా నుంచి మాటల్ని గొంతుకి అందించే స్పీచ్ డిస్పాచర్, అక్కడి నుంచి పైప్‌వైర్, అక్కడి నుంచి కార్డు. పైప్‌వైర్ కార్డును తనొక్కదానికే కావాలని అడుగుతుంది. అప్పటికే ఇంకొకరు పట్టుకుని ఉంటే వదిలేసి, శబ్దం ఎక్కడికీ పోని ఉత్తుత్తి పరికరం ఒకటి పెట్టుకుంటుంది. దాని పేరు డమ్మీ అవుట్‌పుట్.

అనుమానం చాలదు, చూడాలి. ఇక్కడ ఒక చిక్కుంది. కన్సోల్‌కి వెళ్లి కమాండ్ కొడితే, దాన్ని చదివేది ఈస్పీకప్పే. అది చదువుతున్నంతసేపూ కార్డు దాని చేతిలోనే ఉంటుంది, కాబట్టి అక్కడ కనిపించిన ఫలితం నమ్మకూడదు. గ్నోమ్ తెర ముందు ఉండగా, ఫోన్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో, అంటే నెట్‌వర్క్ మీదుగా, లోపలికి వెళ్లి చూడాలి.

కన్సోల్ మాట్లాడుతోంది కాబట్టి సన్నాహం అక్కడ చేసుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ పెట్టి ఉంటే మీ యూజర్‌కి సుడో హక్కు, అంటే అడ్మిన్ కమాండ్లు కొట్టే హక్కు, వచ్చి ఉండదు. అప్పుడు ఎస్‌యూ, ఖాళీ, హైఫన్ కొట్టి రూట్ అవ్వండి. ఆ హైఫన్ మరిచిపోతే అడ్మిన్ కమాండ్లు కొన్ని "దొరకలేదు" అంటాయి. తర్వాత:

ఏపీటీ ఇన్‌స్టాల్ ఓపెన్ఎస్ఎస్‌హెచ్ హైఫన్ సర్వర్, ఖాళీ, పీఎస్‌మిస్క్

రెండూ దిగాక, హోస్ట్‌నేమ్, ఖాళీ, హైఫన్, పెద్ద ఐ. ఇది మీ మెషీన్ ఐపీ చిరునామా చదువుతుంది, రాసిపెట్టుకోండి. ఫోన్‌లో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ పెట్టి, అందులో పీకేజీ ఇన్‌స్టాల్ ఓపెన్ఎస్ఎస్‌హెచ్ కొట్టండి. రెండూ ఒకే వైఫై మీద ఉండాలి. ఇప్పుడు గ్నోమ్‌లో లాగిన్ అయి, ఫోన్‌లో ఎస్ఎస్‌హెచ్, ఖాళీ, మీ యూజర్ పేరు, ఎట్ గుర్తు, ఐపీ చిరునామా. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఏ శబ్దమూ రాదు, కంగారు పడకండి.

లోపలికి వెళ్లాక మొదట మీ యూజర్‌గానే: డబ్ల్యూపీసీటీఎల్, ఖాళీ, స్టేటస్. ఆడియో కింద సింక్స్ (శబ్దం వెళ్లే చోట్లు) అనే భాగం వినండి. డమ్మీ అవుట్‌పుట్ ఒక్కటే ఉందా? మీ కార్డు పేరు ఉంటే దాని పక్కన మ్యూటెడ్ అని ఉందా?

తర్వాత రూట్‌గా: ఎఫ్‌యూజర్ (ఎఫ్, యు, ఎస్, ఇ, ఆర్), ఖాళీ, హైఫన్ వి, ఖాళీ, స్లాష్ డెవ్ స్లాష్ ఎస్ఎన్‌డీ స్లాష్ స్టార్. ఏ పరికరాన్ని ఏ ప్రోగ్రామ్ పట్టుకుందో ఇది చెబుతుంది. కంట్రోల్ సి సున్నా అన్న వరుసలో పైప్‌వైర్ తోడు ప్రోగ్రామ్ వైర్‌ప్లంబర్ కనిపిస్తే పట్టించుకోవద్దు, అది వాల్యూమ్ గమనిస్తుందంతే. మనకి కావలసింది పీసీఎం సి సున్నా డి సున్నా పి అనే వరుస. చివరి పి అంటే ప్లేబ్యాక్. అక్కడ ఎవరి పేరుందో చెప్పండి.

మీటలమాట:

సింక్స్‌లో డమ్మీ అవుట్‌పుట్ ఒక్కటే. పీసీఎం వరుసలో యూజర్ రూట్, కమాండ్ ఈస్పీకప్.

గవ్వలగిన్నె:

దొరికింది. ఫోన్ నుంచే వరుసగా ఇవి చేయండి.

రూట్‌గా: సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ ఈస్పీకప్. ఎగ్జిట్ కొట్టి మీ యూజర్‌కి తిరిగొచ్చాక: సిస్టమ్‌సీటీఎల్, ఖాళీ, రెండు హైఫన్లు యూజర్, ఖాళీ, రీస్టార్ట్, ఖాళీ, వైర్‌ప్లంబర్ పైప్‌వైర్ పైప్‌వైర్ హైఫన్ పల్స్. దీన్ని రూట్‌గా కొడితే పని జరగదు, పైప్‌వైర్ నడిచేది మీ యూజర్ కింద. తర్వాత పీకిల్, ఖాళీ, హైఫన్ ఎఫ్, ఖాళీ, స్పీచ్ హైఫన్ డిస్పాచర్. పాత డిస్పాచర్ చచ్చిపోయిన పైప్‌వైర్‌ని పట్టుకుని వేలాడుతుంటుంది కాబట్టి ఈ మెట్టు వదలొద్దు. కొత్తది అవసరం పడగానే తనంతట తానే లేస్తుంది.

ఇప్పుడు ఎస్‌పీడీ హైఫన్ సే, ఖాళీ, హలో. ల్యాప్‌టాప్‌లో వినపడితే దారంతా తెరుచుకున్నట్టే. అప్పుడు ల్యాప్‌టాప్ మీద సూపర్ ఆల్ట్ ఎస్ రెండుసార్లు, మధ్యలో రెండు సెకన్లు ఆగి.

శాశ్వతంగా అయితే రెండు దారులు. డెస్క్‌టాప్‌లోనే ఎక్కువ పని అయితే రూట్‌గా సిస్టమ్‌సీటీఎల్ డిజేబుల్, ఖాళీ, రెండు హైఫన్లు నౌ, ఖాళీ, ఈస్పీకప్. ప్యాకేజీని మాత్రం తీసేయకండి. రేపు గ్రాఫిక్స్ చెడి డెస్క్‌టాప్ రాకపోతే మీకు మిగిలే గొంతు అదొక్కటే. అప్పుడు కన్సోల్‌లో చూడకుండానే లాగిన్ అయి, రూట్ అయి, సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ ఈస్పీకప్ కొడితే లేస్తుంది.

కన్సోల్, డెస్క్‌టాప్ రెండూ రోజూ కావాలంటే చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి కొని, దాన్ని ఈస్పీకప్‌కి ఇచ్చేయండి. క్యాట్, ఖాళీ, స్లాష్ ప్రాక్ స్లాష్ ఆసౌండ్ స్లాష్ కార్డ్స్ కొడితే ప్రతి కార్డు నంబరు పక్కన చదరపు బ్రాకెట్లలో దాని పేరు ఉంటుంది, యూఎస్‌బీ వాటికి చాలాసార్లు డివైస్ అని. స్లాష్ ఈటీసీ స్లాష్ డిఫాల్ట్ స్లాష్ ఈస్పీకప్ ఫైల్‌లో ఆల్సా అండర్‌స్కోర్ కార్డ్, అంతా పెద్ద అక్షరాలతో, ఈక్వల్ గుర్తు తర్వాత ఆ పేరు రాసి ఈస్పీకప్‌ని రీస్టార్ట్ చేయండి. నంబరు రాయొద్దు, బూట్‌కి బూట్‌కి నంబర్లు తారుమారవుతాయి.

ఆరుచుక్కలు:

యూఎస్‌బీ దారిలో ఒక మెట్టు కలపాలి. ఆ కార్డు కనపడగానే వైర్‌ప్లంబర్ దాన్ని కూడా తన లెక్కలో వేసుకుంటుంది, పోటీ అక్కడా మొదలవుతుంది. డబ్ల్యూపీసీటీఎల్ స్టేటస్‌లో డివైసెస్ కింద యూఎస్‌బీ కార్డు ముందున్న నంబరు చూసి: డబ్ల్యూపీసీటీఎల్ సెట్ హైఫన్ ప్రొఫైల్, ఆ నంబరు, సున్నా. సున్నా అంటే ఆఫ్. 

తెలుగు సంగతి. మాటలు పలికించే ఈస్పీక్ ఎన్‌జీ ప్రోగ్రామ్‌లో తెలుగు గొంతు ఉంది, విడిగా ఏమీ దింపుకోనక్కర్లేదు. ఎస్‌పీడీ హైఫన్ సే, ఖాళీ, హైఫన్ ఎల్, ఖాళీ, టీఈ, తర్వాత కోట్స్‌లో ఒక తెలుగు వాక్యం ఇచ్చి వినండి. యంత్రం గొంతే, కానీ వేగం పెంచినా అక్షరం చెడదు. ఎక్కువసేపు చదివేవాళ్లకి కావలసింది అదే.

ఓర్కాలో ఇన్సర్ట్ స్పేస్ నొక్కి సెట్టింగ్స్ తెరవండి. వాయిస్ ట్యాబ్‌లో సింథసైజర్ ఈస్పీక్ ఎన్‌జీ, భాష తెలుగు పెట్టి అప్లై చేయండి. తర్వాత జనరల్ ట్యాబ్‌లో ప్రొఫైల్స్ దగ్గర సేవ్ యాజ్‌తో తెలుగు అనే పేరుతో దాచండి. ఇంగ్లిష్ గొంతు పాత డిఫాల్ట్ ప్రొఫైల్‌లో అలాగే ఉండాలి. తెలుగు గొంతు మధ్యలో వచ్చిన ఇంగ్లిష్ మాటల్ని కూడా చదివేస్తుంది కాబట్టి వ్యాసాలకి, మెయిళ్లకి ఈ ఒక్క ప్రొఫైల్ చాలు. టెర్మినల్‌కి మాత్రం ఇంగ్లిష్‌దే మంచిది, చుక్కలూ హైఫన్లూ స్పష్టంగా పట్టుబడతాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి మారడానికి కీ బైండింగ్స్ ట్యాబ్‌లో ప్రొఫైల్ మార్చే ఆదేశం వెతికి మీట కేటాయించండి. మొదట్లో దానికి ఏ మీటా ఉండదు.

మీటలమాట:

ఎస్‌పీడీ సే పలికింది, ఓర్కా కూడా పలికింది. ఈస్పీకప్ డిజేబుల్ చేసి ఆరుసార్లు రీబూట్ చేశాను, ఆరుసార్లూ డెస్క్‌టాప్ మాట్లాడింది. తెలుగు ప్రొఫైల్ పని చేస్తోంది. ఇద్దరికీ చాలా కృతజ్ఞతలండీ. ఒక్క సందేహం: అప్‌డేట్లు వచ్చినప్పుడు ఈస్పీకప్ మళ్లీ లేస్తుందా?

గవ్వలగిన్నె:

లేవదు. మీరు డిజేబుల్ చేసిన సర్వీసును ప్యాకేజీ అప్‌డేట్ అలాగే ఉంచుతుంది. ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌ని మాత్రం తీసేయకండి, రూటర్‌లో ఈ ల్యాప్‌టాప్‌కి ఒకే ఐపీ వచ్చేలా కట్టేయండి. ఈసారి రెండు గొంతులూ పోయిన రోజున చిరునామా చదివి చెప్పే కన్సోల్ ఉండదు.